ఎంజైమ్ మాత్రలు వాడినా ఐబీఎస్ ఎందుకు తగ్గడం లేదంటే

ఆరు నెలల క్రితం ఫుడ్ పాయిజన్ అయిందని, అప్పటి నుంచి కడుపునొప్పి, తిన్న వెంటనే బాత్రూమ్‌కి పరుగు అని రాశారు. రిపోర్టులన్నీ నార్మల్, డాక్టర్ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడా ఉండే సమస్య) అన్నారు, ఎంజైమ్ మాత్రలతో గుణం లేదు. ఇది మీ భ్రమ కాదండీ. పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి 10 మందిలో దాదాపు ఒకరికి ఇలా మిగిలిపోతుంది.

మీకు ఎంజైములు తక్కువయ్యాయని అనుకుంటున్నారు. కానీ ఇలాంటి వాళ్లలో కొందరికి అవి పెద్దపేగులో ఎక్కువగా ఉంటాయి. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ చిన్నపేగులో ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. పని అయ్యాక దాన్ని అదుపు చేసేది పెద్దపేగులోని బ్యాక్టీరియానే. పైత్యరసంతో వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం మరో పదార్థంతో అతుక్కుని ఉంటుంది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని విడదీస్తాయి. అలా విడిపడ్డ బిలిరుబిన్ ట్రిప్సిన్‌కి అడ్డుపడుతుంది. ఆ బ్యాక్టీరియా తగ్గితే ట్రిప్సిన్ చురుగ్గానే ఉండిపోయి పేగు గోడను సడలిస్తుంది, నరాలను రెచ్చగొడుతుంది. నొప్పి అక్కడి నుంచే.

కాబట్టి ప్రోటియేజ్ (ట్రిప్సిన్‌లా ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్) ఉన్న మాత్రలు కొనసాగించాలా అని డాక్టర్‌ని అడగండి. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ సంగతి వేరు, పాలతోనే ఇబ్బంది అయితే అది పనికొస్తుంది.

లో ఫాడ్‌మ్యాప్ ఆహారం (పేగులో పులిసి గ్యాస్ చేసే కొన్ని పిండిపదార్థాలను తగ్గించే ఆహారం) 4 నుంచి 6 వారాలు, డైటీషియన్ సాయంతో ప్రయత్నించండి. తర్వాత మానేసిన పదార్థాలను ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్కువకాలం మానేస్తే మేలు చేసే బిఫిడోబ్యాక్టీరియా కూడా తగ్గుతాయి.

మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.