ఉద్యోగం, పరుగు, చదువు మూడూ రోజూ కుదరాలనుకోకు తమ్ముడూ, ఏడాదిలో కుదిరితే చాలు

నువ్వు అడిగింది చదివాను. రాయగడలో బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో చిన్న పాప, పొద్దున్నే ఓ ఐదు కిలోమీటర్ల పరుగు, వచ్చే చలికాలానికి హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పరుగు, చెయ్యాలని ఆశ, దానికి తోడు ఈమధ్య స్పోర్ట్స్ సైకాలజీ, అంటే ఆటల్లో మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే చదువు, మీద మనసు పడింది, కోర్సేదైనా చెయ్యాలనుంది, అన్నీ కలిపి ఒక రోజులో పట్టట్లేదు, దేన్ని వదిలెయ్యాలి అంటున్నావు. నేనైతే దేన్నీ వదలొద్దంటాను. కానీ అన్నిటినీ రోజూ నెత్తిన పెట్టుకు తిరగొద్దు.

నాది పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను, ఇంట్లో అత్తగారు, మా ఆయన, టెన్త్ చదివే గుంటడు. పరుగు మొదలెట్టింది వాడు స్కూలుకి పోవడం మొదలయ్యాక, సైకాలజీ పిచ్చి ఇంకా తర్వాత పట్టుకుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

బ్యాలెన్స్ అనగానే అందరూ చేసేది టైంటేబుల్ వెయ్యడం. నాలుగున్నరకి లేవడం, ఆరుకి చదువు, ఏడుకి వంట... అది కాగితం మీద ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను, ఒక పెళ్లో ఒక జ్వరమో వచ్చేదాకా నడుస్తుంది. నేను చూసేది రోజుని కాదు, కాలాన్ని. మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో ఏడాది తనంతట తనే ముక్కలుగా విడిపోయి ఉంటుంది కదా. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే చల్లగా ఉంటుంది, మహేంద్రతనయ ఒడ్డంతా మంచు, అప్పుడు పరుగుదే పెద్దపీట, పుస్తకం పడుకునే ముందు రెండు పేజీలు చదివితే చదివినట్టు లేకపోతే లేదు. మార్చిలో పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఏప్రిల్ వచ్చిందంటే ఒడిశా స్కూళ్లకి మార్నింగ్ క్లాసులు పెడతారు, నా పొద్దుటి పూట మొత్తం పోయినట్టే, పైగా ఆ ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, రక్తం కండకీ వెళ్లాలి చర్మానికీ వెళ్లాలి కాబట్టి అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. ఎండకి ఒళ్లు అలవాటు పడ్డానికి 10 నుంచి 14 రోజులు పడుతుందంటారు, అలవాటయ్యాక కూడా మే నెలలో డిసెంబర్ వేగం రాదు, రావాలని ఏడవడం దండగ. అందుకని ఎండాకాలం చదువుది. అక్టోబరొస్తే తుఫాన్ల భయం ఉండనే ఉంది. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లా మీద పడింది, కొండచరియలు, వరదలు. అలాంటప్పుడు పరుగూ లేదు పుస్తకమూ లేదు, ఇల్లే.

తగ్గిస్తే ఉన్న దమ్ము కూడా పోతుందేమో అని నీకు భయం ఉంటుంది, నాకూ ఉండేది. దీని మీద 1981లో అమెరికాలో హిక్సన్ అనే ఆయన చేసిన ప్రయోగం ఒకటి ఉంది, నాకు భలే ధైర్యం ఇచ్చింది. వారానికి ఆరు రోజులు గట్టిగా ట్రైనింగ్ చేసినవాళ్ల చేత తర్వాత కొందరికి నాలుగు రోజులు, కొందరికి రెండే రోజులు చేయించారు, కానీ చేసిన ఆ కాసేపూ తీవ్రత తగ్గనివ్వలేదు. 15 వారాలైనా వాళ్ల ఏరోబిక్ కెపాసిటీ, అంటే ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే శక్తి, దాదాపు అలాగే నిలబడింది. అంటే పెంచుకోడానికి పట్టేదాంట్లో చిన్న వంతు చాలు, నిలబెట్టుకోడానికి. దీపం వెలిగించడానికి తంటాలు గానీ వెలిగాక అప్పుడప్పుడు కాస్త నూనె పోస్తే చాలు కదా, అలాగ. హాఫ్ మారథాన్‌కి పెంచుకోవాలంటే మాత్రం వారానికి రెండు రోజులు సరిపోవు, ఆ పని చలికాలానికి ముందు నెలల్లో పెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక పరిగెడితే కాళ్లు సీసం పోసినట్టున్నాయి, కుర్చీలో కూర్చునే ఉద్యోగమే కదా ఎందుకిలా అని రాశావు. నీ ప్రశ్న మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే నీ ఉద్యోగం, పరుగు, సైకాలజీ మూడూ ఒకదాన్నొకటి తాకేది ఇక్కడే. 2009లో వేల్స్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీలో మార్కోరా, ఆయన తోటివాళ్లు 16 మందిని కూర్చోబెట్టి కంప్యూటర్ ముందు 90 నిమిషాలు కన్నార్పకుండా ధ్యాస పెట్టాల్సిన పని ఇచ్చారు. ఇంకో రోజు వాళ్లకే అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ తర్వాత సైకిల్ ఎక్కించి ఇక నా వల్ల కాదు అనేదాకా తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కితే, బుర్ర అలిసిన రోజు 640 సెకన్లకే దిగిపోయారు. తమాషా ఏంటంటే గుండె, ఊపిరి, రక్తం కొలతల్లో దానికి కారణం కనపడలేదు. తేడా అంతా వాళ్లకి ఎంత కష్టంగా అనిపించిందన్న దాంట్లోనే, మొదటి నుంచీ ఎక్కువ కష్టంగా తోచింది, అందుకే తొందరగా చాలనుకున్నారు.

రోజంతా క్యాష్ లెక్కలు, కౌంటర్ దగ్గర కస్టమర్ల కేకలు, సాయంత్రానికి టాలీ కాకపోతే ఉండే టెన్షన్, అదంతా ఆ 90 నిమిషాల పని లాంటిదే, ఇంకా పెద్దది. కాబట్టి వర్కింగ్ డే సాయంత్రం వాచీ చూసుకుని నేను డల్ అయిపోయాను అనుకోవద్దు, ఆ రోజు వాచీ ఇంట్లో పెట్టి వెళ్లు. కష్టాన్ని కొలవడానికి గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ ఆయన తయారుచేసిన స్కేల్ ఉంది, 6 నుంచి 20 దాకా అంకెలు, 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ప్రాణం పోతోంది. వచ్చిన అంకెని పదితో హెచ్చిస్తే ఇంచుమించు గుండె వేగం రావాలని ఆయన లెక్క. సాయంత్రం పరుగు 11, 12 దాటనివ్వకు, పక్కవాడితో మాట్లాడుకుంటూ పోగలిగేంత. గట్టి పరుగు మాత్రం రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారాలు పొద్దున్న పెట్టుకో, బ్యాంకు వాళ్లకి దేవుడిచ్చిన వరం అది, మా స్కూలుకి ఆ భాగ్యం లేదు. చదువుకీ ఇదే సూత్రం, కౌంటర్లో అలిసిన బుర్రతో రాత్రి పదింటికి థియరీ చదివితే ఎక్కదు, అదే పుస్తకం ఎండాకాలం ఆదివారం పొద్దున్న చదివి చూడు.

ఊళ్లో జనం చూస్తుంటే సిగ్గేసి కాళ్లు తడబడుతున్నాయన్నావు, నవ్వొచ్చింది, ఎందుకంటే మా దగ్గర ఇంకా ఘోరం. ఆడమనిషి చుడీదార్ వేసుకుని షూస్‌తో రోడ్డు మీద పరిగెడితే టీకొట్టు దగ్గర ఒకాయన ఒడియాలో కుఆడే జాఉచ్చ, అంటే ఎక్కడికెళ్తున్నావ్ అని అడుగుతాడు, పాతపట్నం వైపు వెళ్తే ఏటమ్మా ఎవరైనా తరుముతున్నారా అంటారు తెలుగులో. బోర్డర్ ఊరు కదా, రెండు భాషల్లో ఆరా తీస్తారు. దీని మీద కూడా చదువు ఉంది. 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ పోటీల రికార్డులు చూసి, ఒంటరిగా తొక్కినప్పటికంటే పక్కన ఇంకొకరుంటే వేగం పెరుగుతోందని రాశాడు. 1965లో రాబర్ట్ జాయెన్స్ అనే సైకాలజిస్టు ఇంకో ముక్క కలిపాడు, బాగా అలవాటైన పనైతే చూసేవాళ్లుంటే మెరుగవుతుంది, కొత్తగా నేర్చుకుంటున్న పనైతే చెడుతుంది అని. 1983లో ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం, పరిగెత్తేవాళ్ల దారిలో ఒకావిడని గడ్డి మీద కూర్చోబెట్టారు, ఆవిడ వీళ్ల వైపు తిరిగి కూర్చుంటే స్పీడు పెంచారు, వీపు తిప్పి కూర్చుంటే పెంచలేదు, పాపం వాళ్లని గమనిస్తున్నారని కూడా వాళ్లకి తెలీదు. ఇవి చదివాక నేను చేసిందేమిటంటే మొదట్లో జనం లేని దార్లు, స్టేడియం గ్రౌండ్, అలవాటయ్యాక కావాలనే జనం ఉన్న వైపు, నీలమణి దుర్గమ్మ గుడి దాకా. ఆఖర్లో ఓపిక అయిపోయే కిలోమీటరు సరిగ్గా టీకొట్ల ముందు పడేలా రూటు పెట్టుకుంటాను. వాళ్లు చూస్తుంటే నడవబుద్ధి కాదు మరి. కుక్కల విషయంలో సైకాలజీ పనిచెయ్యదు, ఆగి నడిచిపో, అంతే.

ఇంట్లో సంగతి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, ఇంట్లో సపోర్ట్ ఉంది అని. కాస్త కటువుగా ఉంటుందేమో గానీ అడుగుతున్నాను, పొద్దున్న నువ్వు పరుగుకెళ్లినప్పుడు పాప లేస్తే ఎవరెత్తుకుంటున్నారు? మగవాళ్లు రాసే రన్నింగ్ కబుర్లలో ఈ మనిషి ఎప్పుడూ కనపడదు. మా ఇంట్లో నేను పరిగెత్తే రోజుల్లో కుళాయి దగ్గర బిందెలు పట్టేది మా ఆయన, దానికి బదులు ఆదివారం సాయంత్రం ఆయన షటిల్ ఆట జోలికి ఎవరూ వెళ్లం, చుట్టాలొచ్చినా సరే. మా అత్తగారు మొదట్లో గొణిగేవారు, ఇప్పుడు నేను వచ్చేసరికి చోడి అంబలి కలిపి ఉంచుతారు, అందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నదే ఇప్పుడు గొడవ. మీ ఆవిడకి తనదంటూ ఒక గంట ఎప్పుడు కావాలో అడుగు, ముందు అది కాగితం మీద రాయి, మిగిలినదాంట్లో నీ పరుగు పెట్టుకో. ఈ బేరం కుదరకుండా వేసిన ప్లాన్ ఏదీ నిలబడగా నేను చూళ్లేదు.

హాఫ్ రెండు గంటల్లో కొట్టాలి, లేకపోతే ఇదంతా ఎందుకు అన్నావు చూడు, అక్కడ మాత్రం నీతో ఏకీభవించను. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి తెలుసు కదా, భువనేశ్వర్‌లో ట్రైనింగ్ అయిన హర్డిల్స్ అమ్మాయి. 100 మీటర్ల హర్డిల్స్‌లో నేషనల్ రికార్డు అప్పటికి ఒడిశా ఆవిడ అనురాధా బిస్వాల్ పేరున ఉండేది, 2002లో 13.38 సెకన్లు. జ్యోతి 2020లో మూడబిద్రిలో 13.03 పరిగెత్తింది, డోప్ టెస్ట్ లేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09, వెనక నుంచి తోసే గాలి సెకనుకి 2.1 మీటర్లుంది, రికార్డుకి 2.0 దాటకూడదు కాబట్టి అదీ కొట్టేశారు. గాలి మీద ఎవరికి కోపం వస్తుంది చెప్పు. నెల తిరిగేసరికి సైప్రస్‌లో 13.23తో రికార్డు తన పేరున రాయించుకుంది, అంటే లెక్కలోకి రాని రెండు పరుగులకంటే నెమ్మదిగానే పరిగెత్తింది, రికార్డు మాత్రం దీనికే వచ్చింది! 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో దిగిన మొదటి భారతీయురాలు కూడా తనే. స్పోర్ట్స్ సైకాలజీలో అవుట్‌కమ్ గోల్, ప్రాసెస్ గోల్ అని విడదీస్తారు, ఫలితం ఒకటి, మన చేతిలో ఉన్న పని ఒకటి. రెండు గంటలన్నది, విశాఖలో పరిగెడితే, బీచ్ రోడ్డు ఉక్కపోత చేతిలో కూడా ఉంటుంది. మొదటి ఐదు కిలోమీటర్లు ఎవరు దాటిపోయినా ఊరుకోవడం, ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఆగి తాగడం, ఇవి నీ చేతిలోవి. విశాఖ నేవీ మారథాన్ మామూలుగా నవంబర్, డిసెంబర్లలో ఉంటుంది, రైల్లో వెళ్లి రావచ్చు, మొదటిసారికి అదే మంచిది.

కోర్సు గురించి. డిగ్రీ ఉంటే చాలు ఇగ్నోలో ఎం.ఏ. సైకాలజీ ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చని నీకెవరో చెప్పారు, అది నిన్నటి మాట. 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇకమీదట కొత్తగా చేర్చుకోవద్దని చెప్పింది, వైద్యానికి అనుబంధంగా ఉండే వృత్తుల కోసం చేసిన 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టం కిందకి వస్తుంది కాబట్టి. అందుకని దూరవిద్యలో సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే యూజీసీ నోటీసు చూశాకే జేబులో చెయ్యి పెట్టు. రెగ్యులర్‌గా చదవాలంటే గ్వాలియర్‌లో ఎల్‌ఎన్‌ఐపీఈ అనే వ్యాయామ విద్యా సంస్థ లాంటివి ఉన్నాయి, ఉద్యోగం మానుకుని పాపని వదిలి వెళ్లే పనా అది? నా మాటగా చెప్పాలంటే ప్రస్తుతానికి డిగ్రీ ఊసు పక్కన పెట్టు, నీ మీద నువ్వే ప్రయోగం చేసుకో. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, చదివిన ఒక్కో సంగతినీ కొన్నాళ్లు పరుగులో వాడి చూసి పని చేసిందో లేదో రాసుకుంటాను. గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు చెప్పిన ఇఫ్-దెన్ ప్లాన్ అలాగే పట్టుకున్నాను, ఇలా అయితే ఇలా చేస్తా అని ముందే వాక్యం రాసి పెట్టుకోవడం. కుళాయి ఆలస్యంగా వస్తే మేడ మెట్లు ఎక్కి దిగుతా. వాన పడితే గుంజీలు. నాకైతే బాగా పనిచేసింది. కళ్లు మూసుకుని రేసంతా ఊహించుకోవడం అనే పద్ధతి మాత్రం నాకు అచ్చిరాలేదు, ఊహలో కూడా అడ్డంగా ఎవరో ఒకరు వచ్చి గ్యాస్ బుక్ చేశావా అని అడుగుతారు. ఇలా రాసుకున్నది చూసి మా స్కూల్ పిల్లలు ఖోఖో మ్యాచ్ ముందు వచ్చి కూర్చుంటారు, నాకు తెలిసింది చెప్తాను గానీ కౌన్సెలర్‌నని చెప్పుకోను. నువ్వు కూడా నాలుగు వీడియోలు చూసి బోర్డు పెట్టెయ్యకు, నిజంగా బెంగతో, నిద్ర పట్టక బాధపడే పిల్లలుంటే డాక్టర్ దగ్గరికి పంపాలి.

ఒక్కటి మర్చిపోయాను. జనవరి నెలాఖరు తర్వాత ఏ రేసుకీ పేరివ్వకు. మార్చి ఎండింగ్ ముందు రెండు నెలలు మీ బ్యాంకులో ఎలా ఉంటుందో నాకంటే నీకే తెలుసు, ఆ రెండు నెలలూ వారానికి రెండు పరుగులు, అదీ చిన్నవి, పుస్తకం ముట్టుకోకు. ఏప్రిల్‌లో లెక్కలు తేలాక నీ నోట్‌బుక్ మొదలుపెట్టు, ఏం చదవాలో అప్పుడు అడుగు, నాకూ ఎండాకాలం అప్పుడే మొదలవుద్ది, తీరిగ్గా చెప్తాను.