ఇంగ్లీషు పాఠం హిందీలో వినిపిస్తోందా?

ఈ మధ్య వచ్చే సందేహాల్లో సగం ఇదే గోల. "ఇంగ్లీషు లిటరేచర్ మీద బ్రిటిష్ ప్రొఫెసర్ల వీడియోలు చూస్తుంటాను. ఉన్నట్టుండి అందరూ హిందీలో మాట్లాడుతున్నారు. ఫోన్ పాడైందా?" అని కర్నూలు నుంచి ఒక బీఏ విద్యార్థిని అడిగింది.

ఫోన్‌కి ఏమీ కాలేదమ్మా. వీడియో యాప్‌లు ఏఐ గొంతుతో ఆటో డబ్బింగ్ చేసి, మనకి అదే కావాలని వాటంతటవే అనుకుంటున్నాయి. వీడియో ఆడుతుండగా సెట్టింగ్స్ చక్రం నొక్కి, 'ఆడియో ట్రాక్'లో 'ఒరిజినల్' అని ఉన్నదాన్ని ఎంచుకోండి.

అయినా అడగకుండా గొంతు మార్చేయడం ఏం పద్ధతి? వంటల వీడియోకి డబ్బింగ్ ఉంటే మంచిదే, సంతోషం. భాష నేర్చుకునేవాళ్లకి ఆ గొంతే పాఠం. రాబర్ట్ బర్న్స్ కవితని స్కాట్లండ్ మనిషి తన యాసలో చదువుతుంటే 'ర' ఎలా పలుకుతున్నాడు, ఏ మాటని ఒత్తుతున్నాడు, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు అని వినడానికే కదా ఆ వీడియో పెట్టుకున్నది! అది తీసేస్తే మిగిలేది సమాచారం. అది గైడ్‌లో కూడా దొరుకుతుంది. ముందు ఒరిజినల్ వినిపించి, డబ్బింగ్ కావాలా అని ఒక్కసారి అడిగితే సరిపోయేది.

ఖమ్మం నుంచి ఒక టీచర్ బాధ వేరు: క్యాప్షన్లలో వచ్చే తప్పుల్ని పిల్లలు నోట్సులో అలాగే ఎక్కిస్తున్నారట. భాష పేరు పక్కన 'ఆటో జనరేటెడ్' అని ఉంటే అది యంత్రం విని రాసిందని అర్థం. మామూలు మాటలకి పర్వాలేదు గానీ కవితలు, పాత నాటకాలు, ఊళ్ల పేర్లు వచ్చేసరికి తడబడుతుంది. చానెల్ వాళ్లు స్వయంగా పెట్టిన క్యాప్షన్లున్న వీడియోలనే క్లాసులో వాడండి. వేగం 0.75కి తగ్గిస్తే పిల్లలు అందుకోగలరు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టిన ప్రశ్న. గుంటూరు నుంచి ఒకాయన రాశారు: "డబ్బు కట్టి చూడాల్సిన స్పోకెన్ ఇంగ్లీషు వీడియోల యాప్‌ని మావాడికి టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో ఏపీకే ఫైల్‌గా (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) పంపారు. పాఠాలు బాగానే వస్తున్నాయి. క్యాప్షన్ల కోసం యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటోంది. చేయొచ్చా?"

వద్దు. పాఠాలు బాగా రావడం దాని మంచితనానికి సాక్ష్యం కాదు. మీకు అనుమానం రాకుండా ఉండాలంటే అవి రావాలి మరి. యాక్సెసిబిలిటీ అనుమతి చూపు సరిగా లేనివాళ్లకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టింది. అది ఇస్తే ఆ యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీ తెర మీదకి వచ్చిందంటే దానికీ కనిపించినట్టే. వీడియో కింద నాలుగు అక్షరాలు చూపించడానికి ఇదంతా దేనికి?

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వేసుకున్న యాప్‌లకి ఈ అనుమతిని ఫోనే మొదట అడ్డుకుంటుంది. అందుకని ఇలాంటి యాప్‌లు పంపేవాళ్లు 'యాప్ ఇన్ఫో'లోకి వెళ్లి మూడు చుక్కలు నొక్కి, 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' అనుమతించమని బొమ్మలతో సహా నేర్పిస్తారు. ఏ పాఠాల యాప్ అయినా ఆ దారి చూపించిందంటే అక్కడే తీసేయండి.

మన ఇళ్లలో పిల్లాడు పాఠాలు వినే ఫోనూ, నాన్న యూపీఐ ఫోనూ చాలాసార్లు ఒకటే. నా భయమంతా అదే. ఇంతా చేసి దొంగ యాప్ అవసరమేముంది? బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ ఉచితం, ఆరు నిమిషాల పాఠాలకి పూర్తి పాఠ్యం కూడా ఇస్తుంది. అమెరికా వాళ్ల రేడియో వీఓఏ (వాయిస్ ఆఫ్ అమెరికా) 1959లోనే సుమారు 1,500 మాటలతో, నెమ్మదిగా చదివే వార్తలు మొదలుపెట్టింది.

ఇప్పటికే అనుమతి ఇచ్చేసినవాళ్లు ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. యాక్సెసిబిలిటీలో ఆ యాప్‌ని ఆఫ్ చేసి తీసేయండి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ ఆన్ అయ్యే పద్ధతి) ప్రయత్నించండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మాత్రం వేరే ఫోన్ నుంచే మార్చండి. డబ్బు పోయి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.