కొగ్గలా వెళ్తున్నావట

అమ్మడూ,

శ్రీలంకలోని కొగ్గలా సరస్సు దగ్గర వీడియో తీసి, అక్కణ్నుంచి పడవ మాట్లాడుకుని, 1942 యుద్ధంలో అక్కడి బేస్ నుంచి లేచి కూలిన కాటలీనా అనే నీటి విమానం కోసం సముద్రంలో పూలు వదులుతానన్నావట, మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల ఎవరూ తలుచుకోని ఆ మనుషుల కోసం అంత దూరం వెళ్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పడవ మాట విన్నప్పటి నుంచి మాత్రం ఒకటే టెన్షన్.

విమానం పడిన చోటు లంకకు ఆగ్నేయంగా సుమారు 350 మైళ్లు. అద్దె పడవలో పోయే చోటు కాదది, ఒడ్డు కనిపించేంత దూరంలోనే పూలు వదిలెయ్. నైరుతి గాలులు మొదలవకముందే వెళ్లు. లైఫ్ జాకెట్ తొడుక్కో, పక్కన పెట్టుకోవడం కాదు.

ఇంకోటి. విశాఖ, కాకినాడల మీద ఏప్రిల్ 6న బాంబులు వేసినవి జపాన్‌వాళ్ల ర్యూజో నౌక మీంచి లేచిన విమానాలు. కాటలీనా చూసింది నగుమో అనే జపాన్ అడ్మిరల్ నడిపిన వేరే నౌకాదళాన్ని. మనవాళ్లు రెండూ కలిపేస్తారు, నువ్వు కలపకు. మా అమ్మ ఆ బాంబుల రోజు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేసేది, జనం బళ్లు కట్టుకుని ఊరు వదిలి పోయారట.

ఓడల్లో రేడియో ఆఫీసరుగా బతికినవాణ్ని కదా, ఆ విమానంలో నా మనసు ఎప్పుడూ వైర్‌లెస్ ఆపరేటరు దగ్గరే ఆగిపోతుంది. ఏప్రిల్ 4న, కెనడా 413 స్క్వాడ్రన్‌కు చెందిన పైలట్ బర్చాల్ దిగంతంలో ఓడలు చూసి, ఏవో తేల్చుకుందామని దగ్గరికి వెళ్లాడు. జీరోలు, అంటే జపాన్ ఫైటర్ విమానాలు, మీద పడ్డాయి. ఓడలు కనిపించాయన్న మెసేజ్ రూలు ప్రకారం మూడుసార్లు పంపాలి. మూడోసారి సగంలో ఉండగా గుండు తగిలి సెట్టు పోయింది. తొమ్మిది మందిలో ఒకరు విమానంతోనే మునిగారు. గాయాలతో నీళ్లలోకి మునగలేని ఇద్దర్ని పైనుంచి కాల్చేశారు. మిగిలిన ఆరుగుర్ని ఇసొకాజె అనే జపాన్ యుద్ధనౌక ఎక్కించుకుని, మెసేజ్ పంపారా అని కొట్టారు. పంపలేదని బర్చాల్ బుకాయించాడు. సరిగ్గా అప్పుడే కొలంబో స్టేషను, మళ్లీ పంపమని ఆ విమానాన్ని పిలిచింది, జపాన్‌వాళ్లు విన్నారు. దెబ్బలు పెరిగాయి. కొలంబోలో కూర్చున్నవాణ్ని నేను తిట్టలేను, సగంలో తెగితే మళ్లీ అడగడమే మా పని, నేనైనా అడిగేవాణ్నే, అయినా అది తలుచుకుంటే ఈ వయసులోనూ నిద్ర పట్టదు. అంతా చేసి మర్నాడు ఈస్టర్ పొద్దున కొలంబో మీద దాడి వచ్చేసరికి, ఆ ఊరి పక్కనున్న రత్మలానా ఎయిర్‌ఫీల్డులో ఫైటర్లు ఇంకా నేల మీదే ఉన్నాయి! హెచ్చరిక అందింది, అందుకున్నవాళ్లు సిద్ధంగా లేరు. వీడియోలో ఇది వదలకు.

అందుకే చెబుతున్నా, ఎన్నింటికి తిరిగొస్తావో ఒడ్డున ఒక మనిషికి చెప్పి మరీ పడవ ఎక్కు, ఆ మనిషి నువ్వు రాకపోతే కదిలేవాడై ఉండాలి, హోటల్ కుర్రాడు చాలడు. సముద్రం మీద సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకు.

బర్చాల్‌ను లంక రక్షకుడని అందరూ అంటారు, 2004 దాకా బతికాడు. నువ్వు పోయిన ముగ్గురి పేర్లు కూడా వెతికి, పలకడం నేర్చుకుని చెప్పు. కొగ్గలాలో ఆ బేస్ కోసం ఇళ్లు ఖాళీ చేసినవాళ్ల పిల్లలెవరైనా ఉంటే వాళ్లనీ మాట్లాడించు. డబ్బులు తక్కువైతే మొహమాటపడకు తల్లీ, అడుగు.

మీ తాతయ్య