క్యాన్సర్ చికిత్స పూర్తయింది... 5 కిలోమీటర్ల సహాయార్థ నడకకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. హైదరాబాద్‌లో ఉపాధ్యాయురాలిని. ఎడమ రొమ్ములో క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి, చంకలోని గ్రంథులు కూడా తీశారు. కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి ఏడాది దాటింది. ఇప్పుడు జబ్బు తిరిగి రాకుండా టామోక్సిఫెన్ మాత్ర వాడుతున్నాను. అక్టోబరులో క్యాన్సర్ రోగుల సహాయార్థం 5 కిలోమీటర్ల నడక ఉందని మా స్కూలు టీచర్లందరూ పేర్లు ఇచ్చారు, నా పేరూ ఇచ్చారు. క్యాన్సర్‌తో కాలు పోయినా వేల కిలోమీటర్లు పరుగెత్తిన టెర్రీ ఫాక్స్ కథ చెప్పి ధైర్యం చెబుతున్నారు. కానీ నేనెప్పుడూ అంత దూరం నడవలేదు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి ఎడమ చేయి బరువుగా అనిపిస్తుంది. ఒళ్లు అలిస్తే జబ్బు తిరగబెడుతుందని మా అత్తగారు భయపడుతున్నారు. మా పెద్ద ఆడపడుచు (52) తనూ వస్తానంటున్నారు. ఆమెకు మధుమేహం ఉంది. మేమిద్దరం వెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

డాక్టర్ సలహా: ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది కాబట్టి, కొన్ని పరీక్షలు చేయించుకుని, నిదానంగా అలవాటు చేసుకుని వెళ్లవచ్చు. ముందుగా మీ అత్తగారి భయం గురించి చెబుతాను. క్యాన్సర్ వచ్చినవారు కదలకుండా పడుకోవాలని ఒకప్పుడు వైద్యులు కూడా చెప్పేవారు. ఇప్పుడు ఎవరూ అలా చెప్పడం లేదు. నడిచినందువల్ల, అలసినందువల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. వారిలో కొందరితో మూడేళ్లపాటు నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు, మిగిలినవారికి ఆరోగ్య సూచనల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత చూస్తే, జబ్బు తిరిగి రాకుండా ఉన్నవారు వ్యాయామం చేసినవారిలో సుమారు 80 శాతం, మిగతావారిలో 74 శాతం. ఆ అంకెలు రొమ్ము క్యాన్సర్‌కు అలాగే వర్తిస్తాయని నేను అనను. కానీ చికిత్స తర్వాత వదలని నీరసం, దిగులు నడకతో తగ్గుతాయని రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలోనూ పదేపదే రుజువైంది. ఈ మాట మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. వీలైతే తర్వాతిసారి మీ వైద్యుల దగ్గరకు ఆమెనూ తీసుకెళ్లండి. మనం వంద చెప్పినా, డాక్టరు నోట విన్న ఒక్క మాటకు ఇంట్లో పెద్దవాళ్లు ఊరట పడతారు.

అయితే ఆ ఒక్క ఉదయం నడిచే 5 కిలోమీటర్ల వల్ల మీ ఒంటికి ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. దానికోసం ఈ రెండు నెలలూ చేసే సాధన వల్లే అసలు మేలు. ఏ కారణం చేతనైనా ఆ రోజు వెళ్లలేకపోతే ఈ సాధన వృథా అయినట్టు కాదు. అలాగే, సాధన లేకుండా ఆ రోజు పట్టుదలతో నడిచేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

నడక మొదలుపెట్టే ముందు మీ క్యాన్సర్ వైద్యులను కలవండి. కీమోలో ఏయే మందులు ఇచ్చారో డిశ్చార్జి కాగితాల్లో ఉంటుంది. అందులో డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి మందు ఉంటే, అది కొందరిలో గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది. పైగా మీకు రేడియేషన్ ఇచ్చింది గుండె ఉన్న ఎడమ వైపు. చికిత్స తర్వాత గుండె పనితీరు చూసే టూడీ ఎకో పరీక్ష చేయించుకోకపోతే ఇప్పుడు చేయించాలా అని అడగండి. మెట్లు ఎక్కితే మునుపటికన్నా ఎక్కువ ఆయాసం వస్తున్నా, పాదాలు వాస్తున్నా ఆ సంగతి తప్పక చెప్పాలి. రక్తహీనత ఉందో లేదో చూడటానికి హిమోగ్లోబిన్ పరీక్ష చాలు. నడుములో గానీ తుంటిలో గానీ రాత్రిళ్లు కూడా తగ్గని నొప్పి ఉంటే, అది ఎందుకు వస్తోందో తేలేవరకు నడక సాధన మొదలుపెట్టవద్దు.

అరికాళ్ల తిమ్మిర్లను మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులు కాలి నరాలను దెబ్బతీస్తాయి. దాని వల్ల రెండు ఇబ్బందులు వస్తాయి: నేల ఎత్తుపల్లాలు పాదానికి సరిగా తెలియవు, బొబ్బ లేచినా నొప్పి తెలియదు. వాష్ బేసిన్ దగ్గర కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలినట్టు అనిపిస్తోందా? అనిపిస్తే ఫిజియోథెరపిస్టును కలిసి, నిలకడ పెంచే వ్యాయామాలు నేర్చుకున్నాకే నడకకు దిగండి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ప్రతిసారీ తొడుక్కునే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడండి, చిన్న రాయి ఉన్నా మీ పాదానికి తెలియకపోవచ్చు. నడిచి వచ్చాక అరికాళ్లను అద్దంలో చూసుకోండి. కొత్త బూట్లతో మాత్రం ఆ రోజు నడకకు వెళ్లవద్దు.

ఇక చేయి బరువు. చంకలో గ్రంథులు తీసినవారిలో కొందరికి చేతిలోని శోషరసం (కణాల మధ్య చేరే పలుచని ద్రవం) సరిగా పైకి ప్రవహించక వాపు వస్తుంది. మీది ఆ వాపు ఆరంభ దశ కావచ్చు కాబట్టి నడక సంగతి ఎలా ఉన్నా దీన్ని వైద్యులకు చూపించుకోవాల్సిందే. వాపును అదిమి ఉంచేలా చేతికి వేసుకునే బిగుతు తొడుగు రాసిస్తే నడిచేటప్పుడు వేసుకోండి. ఆ చేత్తో బరువులెత్తడం మంచిది కాదని చాలాకాలం అందరూ నమ్మారు. వాపు ఉన్న స్త్రీలతో పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు ఎత్తిస్తే వాపు పెరగలేదని 2009లో ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి చేతిని కదపడానికి భయపడనక్కరలేదు. నడుస్తున్నంతసేపూ చేయి వేలాడేసి ఉంచవద్దు. పది నిమిషాలకోసారి భుజం ఎత్తుకు లేపి, పిడికిలి బిగించి విప్పుతూ ఉండండి. బ్యాగు కుడి భుజానికి తగిలించుకోండి. నిర్వాహకులు మణికట్టుకు పట్టీ కడితే కుడి చేతికి కట్టమనండి. అక్కడ బీపీ చూసే శిబిరం ఉంటే కుడి చేయే ఇవ్వండి. వాళ్లిచ్చే టీషర్టు చంక దగ్గర బిగుతుగా ఉంటే ఒక సైజు పెద్దది అడగండి. చేయి ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యులు సరేనన్నాక మొదటి వారం పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. వారానికి ఐదు రోజులు నడవండి. రెండో వారం నుంచి ఒకే పూట నడవడం అలవాటు చేసుకుని, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అదే మీకు తగిన వేగం. ఏడో వారంలో ఒక ఆదివారం గంట సేపు నడిచి చూసుకోండి. చివరి వారం తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లోనో, రోజంతా నిలబడి పాఠాలు చెప్పిన రోజునో ఒళ్లు సహకరించకపోతే మానేయండి, మర్నాడు రెట్టింపు నడిచి లెక్క సరిచేయవద్దు. ముందురోజు నడక అలసట పొద్దున లేచేసరికీ తీరకపోతే, అంతకుముందు వారం నడిచినంతకే తగ్గించండి.

టెర్రీ ఫాక్స్ గురించి మీ తోటి టీచర్లు చెప్పింది నిజమే. క్యాన్సర్ వల్ల కుడికాలు కోల్పోయిన ఆ కెనడా యువకుడు 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి పరిశోధనకు విరాళాలు సేకరించాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, మరుసటి ఏడాది మరణించాడు. ఆయన మీద నాకు ఎనలేని గౌరవం. అయినా మీ నడకకు ఆయన కొలమానం కాకూడదు. మీరు ఎవరికీ ఏదీ నిరూపించనక్కరలేదు. సగం దూరం నడిచి పక్కన కూర్చున్నా మీరిచ్చిన విరాళం విలువ తగ్గదు.

మీ ఆడపడుచు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతుంటే నడక మధ్యలో చక్కెర పడిపోవచ్చు. ఆ రోజు మందు మోతాదు ఎంత, ఎప్పుడు వేసుకోవాలి అన్నది ముందే ఆమె వైద్యులను అడగాలి. పొద్దున్నే నడక కదా అని ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. గంట ముందు రెండు ఇడ్లీలు తినాలి, జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. చెమటలు, వణుకు, తికమక మొదలైతే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి. ఆమె కూడా ఈ రెండు నెలలూ మీతో కలిసి నడిస్తేనే ఆ రోజు రావాలి.

గుంపు ముందు వరుసలో కాక, చివర ఒక పక్కగా నడవండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె దడ, ఉన్నట్టుండి ఆయాసం - వీటిలో ఏది వచ్చినా ఇద్దరూ ఆగి వాలంటీరును పిలవాలి. టామోక్సిఫెన్ వాడేవారిలో అరుదుగా కాళ్ల సిరల్లో రక్తం గడ్డ కడుతుంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, నడక అలసట అనుకుని నూనె రాసి మర్దనా చేయవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

మరో విషయం. ఇలాంటి చోట్ల జబ్బును దాటి వచ్చినవారిని వేదిక మీదికి పిలిచి మాట్లాడమంటారు. కొందరికి అది ఎంతో బలాన్నిస్తుంది, కొందరికి మానుతున్న గాయాన్ని రేపినట్టుంటుంది. మీకు ఇష్టం లేకపోతే ముందే మీ హెడ్మాస్టరుకు చెప్పి ఉంచండి. ఇష్టముంటే మాత్రం మీ ఆడపడుచునూ, తోటి టీచర్లనూ ఎదురుగా పెట్టుకుని ఒక్క మాట అడగండి: మీలో ఎంతమంది పరీక్షలు చేయించుకున్నారు? 30 ఏళ్లు దాటినవారికి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్లను ముందే పసిగట్టే పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ ఆడపడుచు వయసుకు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) కూడా అవసరం. ఇప్పటివరకు చేయించుకోకపోతే, మీరు ఎకో కోసం ఆసుపత్రికి వెళ్లే రోజునే ఆమెనూ వెంట తీసుకెళ్లండి.