వెండర్ హాల్లో అడుగుపెట్టే ముందు ఇది చదువు

అమ్మడూ,

ఆస్ట్రోఫోటోగ్రఫీ కాన్ఫరెన్స్‌కి పేరు ఇచ్చానని మెసేజ్ పెట్టావు, చాలా సంతోషం. టాక్స్ గురించి నేను చెప్పేదేం లేదు, నీకు నచ్చినవి నువ్వే చూసుకుంటావు. నేను చెప్పాలనుకుంటున్నది ఆ పక్క హాల్ గురించి. స్పాన్సర్ల బ్యానర్లు, వెండర్ల టేబుళ్లు, లైట్ల కింద తళతళలాడే రిఫ్రాక్టర్ టెలిస్కోపులు ఉంటాయే, అది. ఏడాదంతా దాచుకున్న డబ్బు ఒక్క పూటలో ఖర్చయిపోయేది అక్కడే, ఎన్నాళ్లుగానో తేలని డౌట్ ఐదు నిమిషాల్లో తీరిపోయేదీ అక్కడే.

వెళ్లేముందు ఇంట్లో ఒక పని చెయ్యి. నీ సెటప్‌లో నిన్ను ఎక్కువ ఏడిపిస్తున్నది ఏంటో ఒక్కటి, ఒకే ఒక్కటి రాసుకో. కొత్త కెమెరా కావాలి అనేది సమస్య కాదు, ఫ్రేమ్‌లో ఒక పక్క నక్షత్రాలు సాగుతున్నాయి రెండో పక్క గుండ్రంగానే ఉన్నాయి అనేది సమస్య. నాలుగు మూలలూ ఒకేలా సాగితే ముందు బ్యాక్‌ఫోకస్‌ని, అంటే చివరి లెన్స్ నుంచి సెన్సర్‌కి ఉండాల్సిన దూరాన్ని అనుమానించాలి, ఒక పక్కే సాగితే టిల్ట్, అంటే సెన్సర్ ఒరిగిందని, ఇలా నువ్వు సగం దారి వెళ్లి అడిగావనుకో, అవతలివాడు కూడా బ్రోషర్ పక్కనపెట్టి నిజంగా మాట్లాడతాడు. లేకపోతే వాడి దగ్గరున్న డబ్బా ఏదో దాన్నే నీ సమస్యగా చేసి పంపిస్తాడు. నీ ప్రాసెస్ చెయ్యని సబ్స్, అంటే విడి ఎక్స్‌పోజర్లు, రెండు మూడు ల్యాప్‌టాప్‌లో పెట్టుకెళ్లు, ఫోకల్ లెంగ్త్, పిక్సెల్ సైజు, అడాప్టర్లు ఏ వరసలో ఉన్నాయో అన్నీ ఫోన్‌లో రాసుకో. పిక్సెల్ స్కేల్, అంటే ఒక్కో పిక్సెల్‌లో ఎంత ఆకాశం పడుతుందన్న లెక్క నీకు తెలుసుగా, పిక్సెల్ సైజుని 206.265తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించడమే, 3.76 మైక్రాన్ల పిక్సెల్ 500 మిల్లీమీటర్ల మీద సుమారు 1.55 ఆర్క్‌సెకండ్లు. వాళ్లు చూపించే ప్రతి టెలిస్కోప్‌కీ ఈ లెక్క అక్కడికక్కడే వేసెయ్, సగం టెంప్టేషన్లు అక్కడే రాలిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి, పోస్టర్లు. ప్రతి స్టాల్ వెనకా గోడంత నెబ్యులా ప్రింట్ ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని చూసి టెలిస్కోప్ ఎంత బాగుందో అనుకోవద్దు. ఆ ఫోటో వెనక ఏ ఆకాశం ఉంది, మొత్తం ఎన్ని గంటల ఎక్స్‌పోజర్, ఎవరు ప్రాసెస్ చేశారు, ఇవన్నీ కలిస్తేనే అది. పైగా 2022 డిసెంబర్‌లో బ్లర్ఎక్స్‌టెర్మినేటర్ అనే, ఫోటోలని పదునుపెట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ పోస్టర్ల విలువ ఇంకా తగ్గింది నా దృష్టిలో. అది మూలల్లో సాగిన నక్షత్రాల్ని కూడా గుండ్రంగా సరిచేస్తుంది, అందుకే నేనూ వాడతాను, కానీ లెన్స్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ తాకిన ఫోటో సాక్ష్యంగా పనికిరాదు. కాబట్టి మర్యాదగానే అడుగు, "ఈ స్కోప్‌తో ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద తీసిన ఒక్క రా సబ్ ఉందా అండీ, మూలలు వంద శాతం జూమ్‌లో చూడాలి" అని. ఉన్నవాళ్లు వెంటనే ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తారు, సంబరంగా కూడా చూపిస్తారు. లేనివాళ్లు మళ్లీ పోస్టర్ వైపు చెయ్యి చూపిస్తారు, నీకు కావాల్సిన జవాబు అదే.

ఫిల్టర్ల దగ్గరైతే హార్స్‌హెడ్ నెబ్యులా ఫోటో అడుగు. పక్కనే అల్నిటాక్ అనే ప్రకాశవంతమైన నక్షత్రం ఉంటుంది కదా, ఫిల్టర్ కోటింగ్‌లో లోపం ఉంటే దాని చుట్టూ పెద్ద హాలో, అంటే కాంతి వలయం వచ్చేస్తుంది, దాచడం కష్టం. ఇంకోటి, మూడు నానోమీటర్ల వెడల్పు కాంతినే పంపే ఫిల్టర్ అనగానే ఎగబడకు. నీది ఎఫ్/2 లాంటి ఫాస్ట్ ఆప్టిక్స్ అయితే కాంతి ఏటవాలుగా వచ్చి ఫిల్టర్ పాస్‌బ్యాండ్, అంటే అది పంపే కాంతి పరిధి, తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది, 656.3 నానోమీటర్ల దగ్గర ఉండే హెచ్ ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర కాంతి) సిగ్నల్ కొంత బయటే ఆగిపోతుంది. ఫాస్ట్ స్కోపుల కోసమే ముందుగా జరిపి చేసిన వెర్షన్ ఉందా అని అడిగితే సరిపోతుంది.

కెమెరాల స్టాళ్లు ఐదారు వరసగా ఉంటాయి, అందరూ తమదే గొప్ప అంటారు, లోపల చూస్తే చాలావాటిలో అదే సోనీ సెన్సర్. ఐఎంఎక్స్571 అంటే ఏపీఎస్‌సీ సైజు, 26 మెగాపిక్సెల్, 16 బిట్, అది ఏ రంగు డబ్బాలో పెట్టినా సెన్సర్ అదే. కాబట్టి సెన్సర్ గురించి లెక్చర్ వినకు. కూలింగ్ ఎంతవరకు నిలబడుతుంది, ముందు గ్లాస్ మీద తేమ పట్టకుండా హీటర్ ఉందా, టిల్ట్ ప్లేట్ కెమెరా విప్పకుండా సర్దుకోవచ్చా, డ్రైవర్లు విండోస్‌లో వాడే యాస్కామ్‌కీ లినక్స్‌లో వాడే ఇండీకీ రెండిటికీ ఉన్నాయా, ఇవి అడుగు. కెమెరా, మౌంట్ అన్నిటినీ నడిపే కంట్రోలర్ డబ్బాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ ఏసియెయిర్ వాడటానికి భలే సుఖం, నేను కాదనను, కానీ ఆస్ట్రో కెమెరా అయితే జెడ్‌డబ్ల్యూఓదే ఉండాలి, అది తెలిసి కొనుక్కుంటే ఇబ్బంది లేదు, తెలియకుండా కొంటే తర్వాత కొనే ప్రతి వస్తువునీ ఆ డబ్బాయే నిర్ణయిస్తుంది.

టెలిస్కోప్‌ని మోసి తిప్పే మౌంట్లు హాల్లో గిర్రున తిరిగి భలే ఆగుతాయి, దానికి పడిపోకు. స్లూ చెయ్యడం, అంటే వేగంగా తిరగడం, ఏ మౌంట్‌కైనా తేలికే, నక్షత్రం వెంట నెమ్మదిగా వెళ్లడంలోనే దాని బతుకు తెలుస్తుంది, ఆ పని పైకప్పు కింద చూడలేం. హార్మోనిక్ డ్రైవ్ మౌంట్లకి సహజంగానే పీరియాడిక్ ఎర్రర్, అంటే గేర్లు తిరిగేకొద్దీ మళ్లీ మళ్లీ వచ్చే ట్రాకింగ్ తప్పు, ఎక్కువ, గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ని సరిచెయ్యడం) లేకుండా నడవవు, అది లోపం కాదు వాటి స్వభావం, అయితే ఎర్రర్ ఎంత మెల్లగా మారుతోంది అన్నదే ముఖ్యం. ప్రతి మౌంట్‌తో టెస్ట్ చార్ట్ ఇస్తారా, అది నీకొచ్చే సీరియల్ నంబర్‌దేనా, లేక శాంపిల్‌దా అని అడుగు. బరువు మోసే కెపాసిటీ అంకె కౌంటర్‌వెయిట్‌తోనా లేకుండానా అన్నదీ అడుగు. పాత వార్మ్ గేర్ మౌంట్లయితే ఇమేజింగ్‌కి ఆ అంకెలో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు అనుకుంటాం మేమంతా.

చేత్తో పట్టుకుని చూసుకోగలిగినవి మాత్రం మొహమాటం లేకుండా చూడు. ఫోకసర్‌కి నీ కెమెరా అంత బరువు తగిలించి ఊగుతోందా, రొటేటర్ బిగిస్తే పక్కకి ఒరుగుతోందా, కేబుల్ పోర్టులు వదులుగా ఉన్నాయా అని. నీ కెమెరా, అడాప్టర్లు బ్యాగ్‌లో తీసుకెళ్లు, ఎం48 అని రాసున్న థ్రెడ్ నిజంగా నీ దానికి పడుతుందో లేదో అక్కడే తిప్పి చూడొచ్చు, 55 మిల్లీమీటర్ల బ్యాక్‌ఫోకస్ లెక్క కాలిపర్‌తో కొలిచి చూడొచ్చు. అడిగితే వాళ్లే కాలిపర్ ఇస్తారు.

స్పాన్సర్ల గురించి కుర్రాళ్లకి ఒక చిరాకు ఉంటుంది, అంతా వ్యాపారం అయిపోయింది అని. నేనలా అనుకోను. హాల్ అద్దె, స్పీకర్ల ప్రయాణాలు, రాఫెల్ (లక్కీ డ్రా) బహుమతులు, ఇవన్నీ మన టికెట్ డబ్బుతో వచ్చేవి కావు. పైగా ఈ రంగంలో అమ్మేవాళ్లు చాలామంది మనలాంటివాళ్లే. టెలివ్యూ అనే ఐపీస్‌ల, టెలిస్కోపుల కంపెనీ పెట్టిన అల్ నాగ్లర్ అంతకుముందు అపోలో వ్యోమగాముల ల్యూనార్ మాడ్యూల్ సిమ్యులేటర్‌కి ఆప్టిక్స్ డిజైన్ చేసినాయన, ఆ బ్లర్ఎక్స్‌టెర్మినేటర్ రాసిన రసెల్ క్రోమన్ కూడా ముందు పేరున్న ఇమేజరే. అలాంటివాళ్లు టేబుల్ వెనక నిలబడి ఉంటే వస్తువు గురించి కాదు, ఎందుకలా డిజైన్ చేశారో అడుగు. ఒకటి మాత్రం కళ్లు తెరుచుకుని చూడు. స్టేజ్ మీద మాట్లాడేవాళ్ల స్లైడ్స్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒకే కంపెనీ సరుకు కనిపిస్తే, టాక్ అయ్యాక పక్కకి పిలిచి "ఇది మీరు కొన్నారా, వాళ్లు ఇచ్చారా" అని అడగొచ్చు, తప్పేం లేదు, నిజాయితీ ఉన్నవాళ్లు వాళ్లే ముందే చెప్పేస్తారు. ఇచ్చిందైనా టాక్ మంచిదే కావచ్చు, అందులో ఏ భాగం నీ జేబుకి సంబంధించిందో తెలుసుకుని వింటావు, అంతే.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్న రేటు కాదు, చెడిపోతే ఎవరికి పంపాలి అన్నది. వారంటీ డీలర్‌దా తయారీదారుదా, రిపేర్‌కి సముద్రం దాటాలా, పోను రాను షిప్పింగ్ ఎవరిది. పెద్ద పేరు కదా ఎక్కడికి పోతుందిలే అనుకోకు, మీడ్, ఓరియన్ రెండూ టెలిస్కోపుల్లో దశాబ్దాల పేర్లు, 2021లో ఓరియన్ మీడ్‌ని కొన్నది, 2024లో రెండూ మూతపడ్డాయి. రాబోయే ఫర్మ్‌వేర్‌లో ఆ ఫీచర్ వస్తుంది అంటే, వచ్చాకే కొంటానని నవ్వుతూ చెప్పు. ఇంకా మార్కెట్‌లోకి రాని వస్తువుకి అడ్వాన్స్ అసలొద్దు.

షో డిస్కౌంట్ ఇవాళే ఆఖరు అంటారు, ఇంకో వారం ఇవ్వగలరా అని అడిగి చూడు, చాలాసార్లు సరే అంటారు, ఓ కాగితం మీద రాయించుకో. ఆఖరి రోజు మధ్యాహ్నం డెమో పీసులు తక్కువకి ఇచ్చేస్తారు, తిరిగి మోసుకెళ్లడం బాధ కదా వాళ్లకి. తీసుకోవచ్చు, కానీ వారంటీ ఏ రోజు నుంచి, పెట్టె, అడాప్టర్లు అన్నీ ఉన్నాయా చూసుకో. అన్నట్టు, ఎవరైనా నీ టిల్ట్ సమస్య మీద అరగంట కూర్చుని సాయం చేస్తే ఆ స్పేసర్ రింగులు వాళ్ల దగ్గరే కొను, వేరేచోట కాస్త తక్కువకి దొరికినా సరే. జనం తక్కువ ఉండే టైమ్ కావాలంటే అందరూ పెద్ద టాక్‌కి వెళ్లినప్పుడు హాల్‌కి రా.

రాఫెల్ టికెట్ ఒకటి కొను, సరదాకి. పేరు పిలిచినప్పుడు హాల్లో లేకపోతే చాలాచోట్ల బహుమతి ఇంకొకరికి పోతుంది.

ఇక నాకో పని. ఫిల్టర్ వీల్ స్టాల్ కనిపిస్తే 36 మిల్లీమీటర్ల అన్‌మౌంటెడ్ (చుట్టూ రింగు లేని) ఫిల్టర్లు బిగించే చిన్న స్క్రూలు, వాషర్లు విడిగా అమ్ముతారేమో కనుక్కో, ఉంటే రెండు సెట్లు తీసుకో, డబ్బులు నేను పంపిస్తాను.

మీ మావయ్య