అంతమంది మగవారి మధ్య మా అమ్మాయి నెగ్గుకురాగలదా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, వ్యవసాయం. అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) సాధించింది, పీహెచ్‌డీ చేస్తానంటోంది. తను చేరాలనుకుంటున్న విభాగంలో అధ్యాపకులు దాదాపు అందరూ మగవారే. అబ్బాయి చెన్నైలో ఎంటెక్ చదువుతున్నాడు. అమ్మాయికి హైదరాబాద్‌లో ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సు మేలా, పీహెచ్‌డీ మేలా?

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, పెళ్లి ఆలస్యమవుతుందని, రాత్రివేళ ల్యాబ్‌లో ఒంటరిగా ఉండవలసి వస్తుందని, అక్కడ ఆమె మాట చెల్లదని మీరు భయపడుతున్నట్లు నాకు అర్థమవుతోంది. తణుకు నుంచీ అమలాపురం నుంచీ వచ్చే తల్లిదండ్రులలో ఈ భయాన్ని ఏటా చూస్తున్నాను.

ముందుగా ఆ కోర్సు సంగతి. ఆర్నెల్లలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, కొన్ని సాధనాల వాడకం నేర్పుతారు; ఇంటర్వ్యూలో నిలబెట్టే గణితం, గణాంకాలు మాత్రం ఆ వ్యవధిలో ఒంటబట్టవు. ఫిజిక్స్ చదివిన మీ అమ్మాయికి ఆ పునాది ఇప్పటికే ఉంది కాబట్టి, మిగిలినది పరిశోధన చేస్తూనే నేర్చుకోగలదు. కంప్యూటర్ ముందు కూర్చునే పని గనుక ఆడపిల్లకు సుఖమన్న నమ్మకం కూడా నాకు లేదు, అమెరికా వేళలకు పనిచేసే రాత్రి షిఫ్టులు అక్కడా ఉన్నాయి.

అబ్బాయిని చెన్నై పంపినప్పుడు అక్కడ మహిళా అధ్యాపకులు ఎందరని మీరు అడిగి ఉండరు. కష్టపడి ఫెలోషిప్ తెచ్చుకున్న కూతురికి మాత్రమే ఈ పరీక్ష పెట్టడం న్యాయం కాదు. అయితే విభాగం గురించి మీకు కలిగిన సందేహాన్ని నేను తోసిపుచ్చను. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో తర్వాత జీవరసాయన శాస్త్రవేత్తగా పేరొందిన కమలా సొహోనీకి ఆడపిల్ల అన్న కారణంతోనే అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ మొదట ప్రవేశం నిరాకరించారు. ఆమె పట్టుబట్టి, ఏడాదిపాటు పరిశీలనలో ఉంచుతామన్న షరతుతో చేరి, 1939లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు.

నేడు ఆ నిరాకరణ లేదు, వివక్ష చిన్న పనులలోకి మారింది. నేనెరిగిన ఒక విభాగంలో సెమినార్ జరిగినప్పుడల్లా అతిథుల కాఫీలు, పుష్పగుచ్ఛాలు చూసే బాధ్యత అమ్మాయిలది. పరికరం మరమ్మతుకు ఇంజనీరు వచ్చినప్పుడు పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం అబ్బాయిలది. కాలువ నిండుగా పారితే చాలదని, శివారు చేనుకు నీరు అందిందా అని చూడాలని మీకు చెప్పనవసరం లేదు. అలాగే సీటు ఒక్కటే ఇస్తే చాలదు. పరికరం మీద సమయం, సదస్సుకు వెళ్లే వీలు, పరిశోధన పత్రంలో పేరు ఆమె దాకా రావాలి.

పెళ్లి గురించి నిబ్బరంగా ఉండండి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మహిళలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టాన్ని అనుసరించి అలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి, దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూస్తే ఆ విభాగం తీరు కొంత తెలుస్తుంది.

చేరే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి, ఇప్పటికే పరిశోధన చేస్తున్న అమ్మాయిలతో మాట్లాడండి. పరికరాల వేళలు ఎవరు నిర్ణయిస్తారు, చీకటి పడ్డాక హాస్టల్‌కు ఎలా వెళ్తారు, గత రెండేళ్లలో సదస్సులకు ఎవరిని పంపారు అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఆ సంభాషణలో మీరు వరండాలో కూర్చోండి, ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.