బిషప్పుగారికి ఇన్ని ‘బడ్డాడు’లా?

ప్రశ్న: ఇంగ్లండ్ అంతర్యుద్ధం మీద నోట్సు రాసుకుంటూ విలియం జక్సన్ అనే బిషప్పు గురించి ఇలా రాశాను: “జక్సన్ 1633లో లండన్ బిషప్పుగా, 1636లో కోశాధికారిగా నియమించబడ్డాడు. 1641లో ఆ పదవి నుంచి తొలగించబడ్డాడు. యుద్ధకాలంలో బిషప్పు పదవి నుంచి కూడా తొలగించబడ్డాడు. రాజు శిరచ్ఛేదం చేయబడినప్పుడు పక్కనే ఉన్నాడు. రాజు ఖననంలో ప్రార్థన చదవబడలేదు. 1660లో ఆర్చిబిషప్పుగా నియమించబడ్డాడు.” మా ఫ్రెండ్ చదివి, ‘బడు’ వాడితే అది తెలుగే కాదన్నాడు. నిజమేనా మాస్టారూ?

సమాధానం: మీ ఫ్రెండ్ కాస్త ఎక్కువే అన్నాడు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, కర్మణి ప్రయోగం మనకూ ఉంది, ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అని బడిలో అందరం వల్లెవేసినవాళ్లమే. కాకపోతే వీధిలో కుక్క కరిస్తే ‘కుక్కచేత కరవబడ్డాను’ అని ఎవరూ అరవరు. (కనబడు, వినబడు, పట్టుబడు వేరే సంగతి. వాటి జోలికి వెళ్లకండి, అవి శుభ్రమైన తెలుగు.)

అయితే మీ పేరాతో నాకున్న పేచీ వినసొంపు గురించి కాదు. రాజూ పార్లమెంటూ తలపడ్డ అంతర్యుద్ధం అన్నాక ఏ పని ఎవరు చేశారన్నదే అసలు కథ. ఇచ్చింది రాజా, ఊడబెరికింది పార్లమెంటా, తనే వదులుకున్నాడా? మీ ‘బడ్డాడు’ వీళ్లందరినీ ఒకే దుప్పటి కింద దాచేసింది.

1641 వాక్యమే చూడండి. ఎవరూ తొలగించలేదు, ఆయనే రాజీనామా చేశాడు. రాజు ముఖ్య సలహాదారు స్ట్రాఫర్డ్ ప్రభువుకి మరణశిక్ష వేసే బిల్లుకి ఆమోదం ఇవ్వొద్దని రాజు చార్లెస్‌కి గట్టిగా చెప్పినవాడు జక్సన్. రాజు ఒత్తిడి తట్టుకోలేక ఒప్పేసుకున్నాడు, మే 12న స్ట్రాఫర్డ్ తల తెగింది, ఆ వారంలోపే ఈయన ఖజానా పదవి వదిలేశాడు. అంటే మీ క్రియ వల్ల చరిత్రే తప్పయింది. అంతకుముందు ఆ పదవి దక్కింది కూడా ఊరికే కాదు, ఆర్చిబిషప్పు లాడ్ పట్టుబట్టి ఇప్పించాడు. ‘ఇప్పించాడు’ అంటే వెనక ఎవరున్నారో తెలిసిపోతుంది, అదే ‘నియమించబడ్డాడు’ అంటే గెజిట్ చదివినట్టుంటుంది.

ఇక ‘బిషప్పు పదవి నుంచి తొలగించబడ్డాడు’. ఇదీ సరికాదు. 1646 అక్టోబరులో పార్లమెంటు బిషప్పుల వ్యవస్థనే రద్దు చేసి, వాళ్ల భూములు అమ్మకానికి పెట్టింది. కాబట్టి ‘పార్లమెంటు బిషప్పు పదవులనే ఎత్తేసింది, దాంతో ఈయన పదవీ పోయింది’ అనండి. లాడ్‌ని అప్పటికే, 1645 జనవరిలో, చంపేశారు. జక్సన్ రాజు మనిషే అయినా అవతలి పక్షానికి ఆయనంటే అంత కసి లేదు, అందుకే 1649లో చార్లెస్ దగ్గర ఆఖరి రోజుల్లో ఉండనిచ్చారు.

జనవరి 30న వైట్‌హాల్‌లో వధ్యవేదిక మీద జరిగింది మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. చలికి వణికితే జనం భయమనుకుంటారని రాజు రెండు చొక్కాలు తొడుక్కుని వచ్చాడు. జుట్టు మెడకి అడ్డం రాకుండా టోపీలోకి దోపుకుంటుంటే ఒక పక్క తలారి, ఇంకో పక్క బిషప్పు సాయం పట్టారు. ఆ తర్వాత రాజు తన పతకం తీసి జక్సన్ చేతికిచ్చి ‘గుర్తుంచుకో’ అన్నాడు. అక్కడ ప్రతి పనికీ ఒక మనిషి కనిపిస్తున్నాడు కదా, ‘చేయబడినప్పుడు’ అని వాళ్లందరినీ చెరిపేయడం ఎందుకు? ‘తల నరికినప్పుడు’ చాలు.

ఖననం వాక్యం ఇంకా అన్యాయం. విండ్సర్‌లో జక్సన్ ప్రార్థనపుస్తకం పట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు. ఆ పుస్తకాన్ని పార్లమెంటు నిషేధించింది కాబట్టి చదవడానికి వీల్లేదని కోట గవర్నరు అడ్డుపడ్డాడు. ‘చదవబడలేదు’ అంటే మర్చిపోయారేమో అనుకుంటాం. తెలుగులో దీనికి చక్కటి క్రియ ఉంది: ‘చదవనివ్వలేదు’. ఆపినవాడూ, చదవాలనుకున్నవాడూ ఇద్దరూ అందులోనే ఉన్నారు.

ఆ తర్వాత ఆయన లిటిల్ కాంప్టన్ అనే పల్లెకి పోయి వేటకుక్కలతో కాలక్షేపం చేశాడు, అది మీ నోట్సులో లేదు, రాసుకోండి. 1660లో ఆ రాజు కొడుకు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చి ఆయన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుని చేశాడు. 1661 ఏప్రిల్ 23న కొత్త రాజు పట్టాభిషేకం ఆయన చేతుల మీదుగానే జరిగింది. ఇక్కడ ‘చేతుల మీదుగా’ ఉండగా ‘జక్సన్ చేత కిరీటం పెట్టబడింది’ అని రాస్తారేమోనని నా టెన్షన్.

అన్నట్టు, అది శిరచ్ఛేదం కాదు, శిరశ్ఛేదం.